నల్లబెల్లం తిన్న ఈగలు

అనకాపల్లి,
జూలై 2006

చెల్లి షెకీనాకు,

ఇక్కడ అందరూ క్షేమం, నేను తప్ప. నాకు జబ్బేమీ లేదు. నీ ఉత్తరం వచ్చింది, అంతే.

ఫోన్ చెయ్యమని రాశావు. చెయ్యను. ఫోన్లో గొంతు దాగదు. కాగితం మీదైతే కుళ్ళును కాస్త దిద్దుకుని రాసుకోవచ్చు. అయినా దిద్దను. నువ్వు మా పిన్ని కూతురివి, నీ దగ్గర నాకు మొహమాటమేమిటి? నిన్ను తలుచుకుంటే నాకు కడుపు మండుతోంది. చదివి నవ్వుకో.

మొన్న ఆదివారం మందిరంలో పాస్టరుగారు నీ పేరు చెప్పి ప్రార్థన చేయించారు. 'బెంగుళూరులో మెదడు మీద పరిశోధన చేస్తున్న మన బిడ్డ' అన్నారు. మా అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పక్కనే కూర్చున్న సొంత కూతురి వైపు ఒక్కసారైనా చూడలేదు. బయటికొచ్చాక బుల్లమ్మత్త నన్ను ఆపింది. "నువ్వూ దాంతోపాటే ఎల్లేవు కదే ఇంటర్వ్యూకి, నీకెందుకు రాలేదేటి?" అంది. పీహెచ్‌డీ సీటు వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు నాదేనని చెప్పాను. "అయితే ఎవులైనా మానేత్తే నీకొత్తాదన్నమాట" అంది, రైలు బెర్తు సంగతి మాట్లాడుతున్నట్టు. ఎవరూ మానలేదు అత్తా అన్నాను. నువ్వు మానలేదు.

ఇద్దరం ఒకే హాస్టల్లో ఉండి, ఒకే ఎమ్మెస్సీ జువాలజీ చదివాం. నువ్వు అక్కడ నరాల గుట్టు విప్పుతున్నావు. నేనిక్కడ ఇంటర్ పిల్లలకి బొద్దింక కోసి చూపిస్తున్నాను.

ఇక నీ ఈగల బెల్లం సంగతి. మీ ల్యాబ్‌లో అరటిపండు మీద ముసిరే సన్న ఈగలకి మొక్కజొన్న పిండీ బెల్లమూ ఉడికించి పెడతారనీ, అక్కడి బెల్లం బాగాలేదనీ రాశావు. అమ్మ విని "ఈగలు వాలకుండా మనం బెల్లం మీద గుడ్డ కప్పుతాం, అది ఈగలకే పెడతాదంటేటి?" అని ఒకటే నవ్వు. మంచిది చూసి పంపమంది. నేను మంచిది పంపలేదు. మన ఊళ్ళో బెల్లం రంగు చూసి మర్యాద కొలుస్తారని నీకు తెలుసు. బంగారంలా మెరిసేది వియ్యాలవారికి, నల్లది పశువులకి. నేను పంపింది నల్లది. మార్కెట్‌లో కొట్టున్న నానాజీ గారు "పశువులకాండీ?" అని అడిగితే, కాదు, మా చెల్లి ఈగలకి అన్నాను. నీ ఈగలకి ఆ మర్యాద చాలు.

ఇంతే సంగతులు. అమ్మ నీకు ముద్దులు పంపింది. నేను పంపలేదు.

రోజలిన్

*

బెంగుళూరు,
ఆగస్టు 2006

రోజక్కకి,

నవ్వుకోమన్నావు, నవ్వాను. ఆ మంట ఎంత నిజమో నాకు తెలుసు కాబట్టి, దాని గురించి నేనేమీ రాయను.

నీ నల్లబెల్లం మాత్రం నా ఈగలకి ఏ మందూ చెయ్యనంత మేలు చేసింది. గుడ్లలోంచి వచ్చిన పురుగులు బలంగా పెరిగాయి, సీసాలు కిటకిటలాడుతున్నాయి. మా గైడు సార్ వచ్చి చూసి, ఈ బెల్లం ఎక్కడిదని అడిగారు. మా అక్క ఏరి పంపిందన్నాను. పశువులదని చెప్పలేదులే. ఇంకా పంపవా?

నీకు చెప్పాల్సింది ఇంకోటుంది. వేల ఈగల్ని జల్లెడ పట్టి, ఒకే లోపం తరతరాలకీ వచ్చే ఒక వరస ఏరాను. చూడటానికి మామూలు ఈగలే. సీసా బోర్లించి తడితే మిగతావి ఎగిరిపోతాయి, ఇవి మాత్రం రాళ్ళలా కింద పడతాయి. రెక్కలు బాగానే ఉన్నాయి, నరాలూ ఉన్నాయి. తప్పు నరం చివర ఉంది.

నువ్వు రోజూ బోర్డు మీద గీసేదే. నరం చివర చిన్న చిన్న సంచులు, వాటి నిండా రసాయనం. కరెంటు రాగానే తలుపులు తెరుచుకుని కాల్షియం లోపలికొస్తుంది, తలుపు పక్కనున్న సంచులు పగిలి రసాయనాన్ని అవతలికి వదులుతాయి, అవతల కండరం అందుకుంటుంది. పుస్తకంలో లేనిదేమిటంటే, ఆ తలుపుల్ని ఒకచోట గుంపుగా నిలిపి, సంచుల్ని వాటి పక్కకి తెచ్చి, సరిగ్గా అందుకునేవాడికి ఎదురుగా పేర్చే ప్రొటీన్లు కొన్ని వేరే ఉన్నాయి. మన మార్కెట్ యార్డు చూడు. బెల్లం బోలెడుంటుంది, లారీ వస్తుంది. దిమ్మలు గేటు దగ్గర పేర్చి లేకపోతే ఏం లాభం? లారీ వెళ్ళిపోతుంది. ఆ పేర్చే కళాసీలే ఈ ప్రొటీన్లు. నా ఈగల్లో కళాసీలు సరిగ్గా లేరు. అన్నీ ఉన్నాయి, ఎక్కడివక్కడ పడి ఉన్నాయి.

బెన్‌హర్ మావయ్య ఇక్కడికి పని మీద వచ్చాడు. ఆయన చేత ఒక సీసా పంపుతున్నాను. అందులో ఆ పడిపోయే ఈగలే ఉన్నాయి. మీ పిల్లలకి చూపించి పారెయ్. ల్యాబ్ నుంచి ఇలా బయటికి పంపకూడదు, సార్‌కి చెప్పలేదు. నువ్వూ ఎవరికీ చెప్పకు.

నీ షెకీనా

*

అనకాపల్లి,
సెప్టెంబరు 2006

షెకీనాకు,

నా ఖర్మ చూడు. అవమానిద్దామని పశువుల బెల్లం పంపితే, అదీ నీ అదృష్టానికే కలిసొచ్చింది. నేను తిట్టినా నీకు దీవెనై తగులుతుందేమో, ఇకమీదట నోరు కట్టుకోవాలి.

ఈగలు అందాయి. క్లాసులో సీసా తట్టి చూపించాను. అవి టపటపా పడ్డాయి. పిల్లలు ముందు నవ్వారు. ఆ తర్వాత ఒకమ్మాయి లేచి, "రెక్కలున్నాయి కదండీ, మరెందుకు పడతన్నాయి?" అంది. నీ ఉత్తరంలో ఉన్నదే చెప్పాను. యార్డు, గేటు, లారీ, కళాసీలు, అన్నీ. క్లాసంతా నోరు తెరుచుకుని విన్నారు. ఇన్నేళ్ళలో నా పాఠం ఎవరూ అలా వినలేదు. అది నీ పాఠమని వాళ్ళకి చెప్పలేదు. ఎందుకు చెప్పాలి? సీటు నీది, ఈగలు నీవి, జర్నల్లో పేరూ రేపు నీదే. ఒక్క గంట చప్పట్లు నేను ఉంచుకుంటే నీకేం తరిగింది?

మార్కెట్ పోలిక కూడా నాది కావలసింది. ఈ ఊళ్ళో రోజూ ఆ గేటు ముందునుంచి నడిచేది నేను. బెంగుళూరులో కూర్చుని నువ్వు పట్టుకుపోయావు.

ఇంకోటి. ఒక స్టూడెంట్ అడిగింది, ఈగల తిండి మీద తెల్లగా బూజు పడితే ఏం చెయ్యాలని. ఉత్తినే తెలుసుకోవాలని అడిగిందిలే. నీకు తీరికుంటే రాయి, లేకపోతే లేదు.

నల్లబెల్లం మళ్ళీ పంపుతున్నాను. ఈసారీ పశువులదే. నీ మీద నా అభిప్రాయం మారలేదు.

రోజలిన్

*

బెంగుళూరు,
నవంబరు 2006

అక్కా,

ముందు మీ స్టూడెంట్‌కి జవాబు. తిండిలో తడి తగ్గించాలి, చల్లారేటప్పుడు రెండు చుక్కలు వెనిగర్ వెయ్యాలి. బూజు పట్టేలోగా ఈగల్ని కొత్త సీసాలోకి మార్చేస్తుండాలి. పాత సీసాలో మిగిలిన పురుగులు వాటంతటవే పెరిగి బయటికొస్తాయి. ఆ అమ్మాయికి నిజంగానే ఆసక్తి ఉన్నట్టుంది, బాగా చదివించు.

చప్పట్లు ఉంచుకో. నాకు ఇక్కడ చప్పట్లు కొట్టేవాళ్ళెవరూ లేరు. జర్మనీ వాళ్ళు ఈ ఏడాదే, ఈగ నరం చివర తలుపుల్ని గుంపుగా నిలిపే ప్రొటీన్ ఒకటి పట్టుకున్నారు. అది తగ్గితే ఈగలు సరిగ్గా ఎగరలేవట, అందుకని వాళ్ళ భాషలో 'కూలిపోయే పైలట్' అని పేరు పెట్టారు. సార్ ఆ పరిశోధన పేపరు నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. నాది వేరే జీన్ అని తేలేదాకా నాకు అన్నం సహించలేదు. వేరేదే. కానీ త్వరగా రాయకపోతే దాన్నీ ఇంకెవరో పట్టుకుపోతారు. నా థీసిస్ అంతా ఈ ఒక్క వరస మీదే నిలబడి ఉంది. మెరిసే రంగు పట్టించి మైక్రోస్కోపులో చూస్తే మామూలు ఈగ నరం మీద ఆకుపచ్చ చుక్కలు వరసగా మెరుస్తాయి, ఒక్కో చుక్కా ఒక్కో గేటు. నా వాటిలో చుక్కలు అలికేసినట్టు ఉంటాయి.

నీకు నా మీద కడుపు మంట. నాకెవరి మీదో తెలుసా? క్లాసులో లేచి నిన్ను ప్రశ్న అడిగిన ఆ అమ్మాయి మీద. నేను రోజంతా మాట్లాడేది సీసాలతోనే.

ఇన్నాళ్ళూ ఒకటి నీకు చెప్పలేదు. ఇంటర్వ్యూకి వస్తూ రైల్లో, పై బెర్తు మీద కూర్చుని, పల్లీల పొట్లం మీద నువ్వు నాకు ఈ నరం చివరి బొమ్మే, సినాప్స్ బొమ్మ, గీసి చెప్పావు, గుర్తుందా? సార్ నన్ను అడిగింది అదే. నీ మాటలు నీ వరసలోనే చెప్పాను. నిన్నేమో చేపల మొప్పల గురించి అడిగారు. ప్రశ్నలు అటూ ఇటూ అయ్యుంటే, ఈ ఉత్తరం నువ్వు రాస్తుండేదానివి.

షెకీనా

*

అనకాపల్లి,
డిసెంబరు 2006

చిట్టి చెల్లి షెకీనాకు,

నీ ఉత్తరం చదివి బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాను. అమ్మ వచ్చి, "ఏటయ్యిందే, ఎవులైనా పోయేరా?" అని అడిగింది. లేదమ్మా, ఎవరో బతికారు అన్నాను.

ఆ రోజు చేపల మొప్పలకి నేను బాగానే జవాబు చెప్పాను. మరి నాకెందుకు రాలేదని ఇన్నాళ్ళూ నన్ను నేనే తవ్వుకున్నాను. నువ్వు నాకంటే తెలివైనదానివేమోనన్న అనుమానమే నన్ను తినేసింది. కాదని నువ్వే రాశావు. నీ సీటు నాకు రాదు, అయినా సగం మంట దిగింది. మిగతా సగం ఉంటుంది, దాని జోలికి రాకు.

క్రిస్మస్‌కి నీకు పార్శిల్ పంపుతున్నాను. ఈసారి నల్లది కాదు. నేనే మార్కెట్‌కి వెళ్ళి, నానాజీ గారి కొట్లో దిమ్మ దిమ్మా విరిచి చూశాను. లోపలిదాకా బంగారం రంగే. "ఈ రంగు మరింక రాదండి పంతులమ్మగారూ, పెళ్ళోళ్ళకని పక్కనెట్టేను" అన్నారు. పెళ్ళివాళ్ళకంటే ముఖ్యమైనవాళ్ళకే అన్నాను. సగం నువ్వు తిను. సగం నీ ఈగలకి పెట్టు, ఇన్నాళ్ళూ వాటిని చులకన చేశాను.

పేపరు త్వరగా రాయి. జర్మనీ వాళ్ళ మీద నీకంటే నాకే ఎక్కువ కుళ్ళుగా ఉంది.

మీ అక్క,
రోజలిన్

*

బెంగుళూరు,
జనవరి 2007

రోజలిన్‌కి,

అక్కా అని రాయలేకపోతున్నాను.

అన్నీ చచ్చిపోయాయి. నీ బంగారపు బెల్లంతో తిండి చేసి సీసాలన్నీ దాని మీదికి మార్చాను. పురుగులు పెరగలేదు, నల్లబడి అడుగునే ఉండిపోయాయి. పెద్దవి గుడ్లు పెట్టకుండానే పోయాయి. ల్యాబ్‌లో ఒక నియమం ఉంది. ప్రతి వరసనీ రెండు సెట్లుగా ఉంచాలి, కొత్త తిండి వచ్చినప్పుడు ఒక సెట్టుని పాతదాని మీదే ఉంచాలి. నేను రెండూ మార్చేశాను. నీ బెల్లం కదా అని. నువ్వు ఏరి పంపావు కదా అని.

సార్ బెల్లం ముక్క వాసన చూసి, హైడ్రోస్ అనే రసాయనం వేసి రంగు తేల్చిన బెల్లం ఇదన్నారు. మనుషులకి అరుగుతుందేమో, వీటికి విషమే అయ్యుంటుందన్నారు. బెల్లం ఊళ్ళో పుట్టి పెరిగినదానివి, జువాలజీ చెప్పేదానివి, నీకు తెలియదా? నల్లది పంపినన్నాళ్ళూ బాగున్నాయి. నా థీసిస్ అంతా ఈ వరస మీదే ఉందని రాశాను. వెంటనే ఇది వచ్చింది.

సగం మంట దిగిందని రాశావు. మిగతా సగం ఏం చేసిందో ఇప్పుడు తెలిసింది. వెయిటింగ్ లిస్టులో నీ పేరు ఇంకా ఉందనుకున్నావా? అది ఎప్పుడో చింపేశారు. నేను ఇక్కడినుంచి వచ్చేసినా నిన్ను ఎవరూ పిలవరు.

మళ్ళీ జల్లెడ పట్టాలంటే ఏడాదిపైనే పడుతుంది. అంత టైము సార్ ఇవ్వరు. పెద్దమ్మకి ఏమీ చెప్పకు.

షెకీనా

*

అనకాపల్లి,
ఫిబ్రవరి 2007

షెకీనాకు,

నీ ఉత్తరం పట్టుకుని ముందు నానాజీ గారి దగ్గరికే వెళ్ళాను. "మందెయ్యకపోతే ఆ మెరుపెలాగొత్తాదండీ? నల్లగుంటే కొనీవోడేడి?" అన్నారు. మందు వేస్తారని నేనూ విన్నాను. విన్న మందు బెల్లమూ, చేత్తో ఏరిన బెల్లమూ ఒకటేనని ఆ క్షణం నాకు తట్టలేదు. పుట్టినప్పటినుంచీ మెరిసేదే మంచిదని చూపించి పెంచారు. కుళ్ళుతో పంపింది నీ ఈగల్ని సాకింది, ప్రేమతో పంపింది చంపింది. దీన్ని ఏ దేవుడి ముందు పెట్టి అడగమంటావు?

కానీ నువ్వు అన్న ఆ మాట మాత్రం నేను ఒప్పుకోను. నా అసూయ ఎప్పుడు నీ దగ్గరికి దొంగచాటుగా వచ్చిందే? నల్లబెల్లం పంపినప్పుడు నల్లబెల్లమే పంపానని రాశాను. పశువులదని రాశాను. కడుపు మండుతోందని మొదటి ఉత్తరంలోనే రాశాను. నీకు విషం పెట్టాలనుకుంటే, ముందు ఉత్తరం రాసి తర్వాత పెట్టేదాన్ని. అంతమాత్రం తెలియదా నీకు నా సంగతి?

సరే. ఇప్పుడు కూర్చుని చదువు.

బూజు గురించి అడిగింది ఏ స్టూడెంటూ కాదు, నేనే. నువ్వు పంపిన ఈగల్ని పారెయ్యలేదు. కాలేజీ ల్యాబ్‌లో, బొద్దింకల డబ్బాల వెనక, హార్లిక్స్ సీసాల్లో పెంచుతున్నాను. మొక్కజొన్న రవ్వ, బేకరీ నుంచి తెచ్చిన ఈస్టు, అగర్ దొరకక చైనా గ్రాస్, ఆ పశువుల నల్లబెల్లం. మూతికి అమ్మ పాత చీర ముక్కలు. నువ్వు చెప్పినట్టే బూజు పట్టేలోగా సీసా మారుస్తున్నాను. ఇప్పటికీ తడితే టపటపా పడుతున్నాయి. అన్నీ నీ వరసే, ఒక్క పరాయి ఈగని కూడా కలవనివ్వలేదు.

ఎందుకు పెంచానో కూడా దిద్దకుండా రాస్తాను. నీ మీద ప్రేమతో కాదు. నీకో ల్యాబ్ ఉంటే నాకూ ఒకటి ఉండాలనిపించింది. పిల్లలు వెళ్ళిపోయాక ఆ సీసాల ముందు కూర్చుని, నేనూ పరిశోధన చేస్తున్నట్టు నటించుకునేదాన్ని. నవ్వితే నవ్వుకో.

నీ ఉత్తరం వచ్చాక వెంటనే జవాబు రాయలేదు. నేను నోరు మూసుకుంటే చాలు, నువ్వు తిరిగొచ్చి నా పక్కన నిలబడి బొద్దింకలు కోస్తావు. బుల్లమ్మత్త మనిద్దర్నీ ఒకేలా చూస్తుంది. ఆ ఆలోచన ఎంత తియ్యగా ఉందో నీకు చెప్పలేను. ఆ తర్వాత సీసా తట్టాను. అవి పడ్డాయి, లేచాయి, మళ్ళీ గోడ పట్టుకుని పైకి పాకుతున్నాయి. వాటిని చంపడం నా వల్ల కాలేదు, నిన్ను దించడమూ నా వల్ల కాలేదు.

పార్శిల్‌లో పంపను, నమ్మకం లేదు. నేనే తెస్తాను. రెండు షరతులు. ఇవి ఎవరి దగ్గర బతికాయో మీ సార్‌కి నువ్వే నిజం చెప్పాలి, నువ్వు తిట్లు తిన్నా సరే. రెండోది, ఆ ఆకుపచ్చ చుక్కల్ని నాకు ఒక్కసారి చూపించాలి. ఇన్నేళ్ళుగా ఆ బొమ్మ బోర్డు మీద గీస్తున్నాను. ఒక్కసారైనా కళ్ళారా చూడలేదు. నాకు ఇంకేమీ వద్దు, పేపర్లో పేరు కూడా వద్దు.

రోజలిన్

*

బెంగుళూరు,
ఫిబ్రవరి 2007

రోజక్కా,

సార్‌కి చెప్పాను. ఈగల్ని బయటికి పంపినందుకు తలుపు వేసి మరీ తిట్టారు. తిట్టడం అయ్యాక, ఇన్ని నెలలు వేరే ఈగ కలవకుండా సాకిందెవరని అడిగారు. మా అక్క అన్నాను. బెల్లం పంపిన అక్కేనా అన్నారు. ఆ అక్కే అన్నాను. రమ్మన్నారు.

నిన్ను అనకూడని మాట అన్నాను. వెనక్కి తీసుకునే ముఖం నాకు లేదు, నువ్వొచ్చాక నాలుగు తగిలించు.

సీసాలు బెర్తు కింద పెట్టకు, ఒళ్ళో పెట్టుకుని రా. మూతి గుడ్డలు వదులు చెయ్యకు. నల్లబెల్లం తేవడం మర్చిపోకు. స్టేషన్‌కి నేనొస్తాను.

శనివారం మధ్యాహ్నం మైక్రోస్కోపు నీ పేరు మీద తీసుకున్నాను. గది చీకటిగా ఉంటుంది. కళ్ళు అలవాటు పడేదాకా ఏమీ కనిపించదు. కంగారు పడకు. తర్వాత ఒక్కసారిగా నరం పొడవునా గేట్లన్నీ వెలుగుతాయి. మొదటిసారి చూసినప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఆ తర్వాత ఎన్ని వందలసార్లు చూశానో, ఆ ఏడుపు మళ్ళీ రాలేదు. ఇక రాదు.

నీకు ఆ మొదటిసారి ఇంకా మిగిలే ఉంది. శనివారం నువ్వు చూస్తుంటే నేను పక్కన నిలబడి చూడాలి.

నేనూ దిద్దకుండా రాస్తున్నాను అక్కా. నిన్ను తలుచుకుంటే నాకు కడుపు మండుతోంది.

షెకీనా